నీ పేరు సరిగ్గా పలకడం

నోటీసు బోర్డు అద్దం మీద వేలు పెట్టి
నా నంబరు వెతుక్కుంటున్నాను.
నూట నలభై మూడు. ఫీజు బాకీ. హాల్‌టికెట్ నిలుపుదల.
స్కాలర్‌షిప్ ఏ ఫైలులో నిద్రపోతోందో
సూళ్లూరుపేట నుంచి తెల్లారి బండికి వచ్చే నాకేం తెలుసు?
వెనక నుంచి ఎవరో అరవంలో గట్టిగా ఏదో అన్నారు.
నాకు అర్థమైంది అందులో తిట్టు ఒక్కటే.
అది నన్ను కాదని తెలిసి తిరిగి చూశాను.

అలా పరిచయమయ్యావు, కుళలీ.
కుళలి కాదు, అన్నావు.
కులలి? కాదు.
కుయలి? అస్సలు కాదు.
నాలుక వెనక్కి మడిచి
అంగిలికి తాకీ తాకకుండా వదలమన్నావు.
ఆఫీసు కిటికీ ముందు నలభై మంది వరసలో
నేను నాలుక మడుస్తూ నిలబడ్డాను,
అప్పు తీర్చమంటే వెక్కిరిస్తున్నదానిలా.

మర్నాడు సైకిల్ స్టాండు రేకుల కింద కూర్చున్నాం.
పదకొండు మందిమి.
ఇజ్రవేల్ మెస్సు బకెట్ బోర్లించి దరువేశాడు.
తస్లీమా ఫీజు ఎప్పుడో కట్టేసింది,
హాల్‌టికెట్ ఆమె సంచిలోనే ఉంది,
అయినా వచ్చి నా పక్కన చాప పరిచింది.
నీకేం పని ఇక్కడ అంటే
"లోపల ఫ్యాను తిరగడం లేదు" అంది.
అంతకంటే మంచి జవాబు ఇప్పటికీ ఎవరి దగ్గరా వినలేదు.

నినాదాలన్నీ తమిళం.
అరచేతిలో తెలుగు లిపిలో రాసుకుని అరిచేదాన్ని.
"కొడు, కొడు" అంటుంటే
ఎవర్నో కొట్టమంటున్నారని మొదటి రోజు హడలిపోయాను.
ఇవ్వమనడమట.
ప్రిన్సిపాల్ గారు తమిళులే,
ఆయనకీ అది కొట్టమన్నట్టే వినిపించిందేమో,
మధ్యాహ్నానికి పోలీసు వ్యాను వచ్చి గేటు దగ్గర ఆగింది.

ఆ రాత్రి ఆఖరి బండి వదిలేశాను.
ఇంటికి ఫోన్ చేసి ప్రాక్టికల్స్ అన్నాను.
వెనక బకెట్ మోగుతూనే ఉంది.
"అవేం ప్రాక్టికల్స్ అమ్మా" అన్నాడు నాన్న.
కాసేపాగి,
"వానలో తడవబాకు" అన్నాడు.

తడిశాం.
నవంబరు చెన్నైలో రేకులు ఒక మాట, చిల్లులు ఇంకో మాట.
ఒకే దుప్పటి కింద నాలుగు జతల కాళ్లు,
పొట్లంలో చల్లారిన నిమ్మకాయ పులిహోర,
దోమలకి మాత్రం కులమూ భాషా పట్టలేదు.
ఏడో రాత్రో ఎనిమిదో రాత్రో,
శాసనాలు చదివే తస్లీమా నిద్రమత్తులో చెప్పింది:
మీ తెలుగులోనూ ఆ అక్షరం ఉండేదట,
వెయ్యేళ్ల కిందటి రాళ్ల మీద ఇంకా ఉందట.
మరేమైంది, అన్నాను.
"పారేసుకున్నారు, నేను దాచిపెట్టాను" అన్నావు నువ్వు.
"కావాలంటే తీసుకో."

తొమ్మిదో రోజు రాత్రి పదింటికి
గులాబీరంగు కాగితాల కట్ట బయటికొచ్చింది.
నూట నలభై మూడు, సంతకం పెట్టు.
పెట్టాను.
నీ పేరు వేరే కాగితంలో ఉంది.
అది టైపు చేసి, మూడు ప్రతులు తీసి మరీ అంటించారు.
సస్పెన్షన్, ఒక సెమిస్టరు.
ఇజ్రవేల్ బకెట్‌ని మెస్సులో అప్పజెప్పి వచ్చి
ఎవరితోనూ మాట్లాడలేదు.

నువ్వు రాయని పరీక్ష నేను రాశాను.
దీన్ని ఎటు తిప్పి చెప్పినా సరిగ్గా కుదరడం లేదు,
ఇలాగే ఉండనీ.

బయటికొచ్చేసరికి రోడ్డుకి అవతల
టీ కొట్టు దగ్గర నిలబడున్నావు,
చేతిలో రెండు గ్లాసులు.
మధ్యలో బస్సులు, ఆటోలు, ఎవరిదో పెళ్లి బ్యాండు.
పేరు పెట్టి పిలిచాను.
నాలుక దానంతటదే మడత పడింది.
నువ్వు అంత రద్దీలోనూ విని,
టీ ఒలకకుండా తల తిప్పి
అరిచావు:
"దాదాపు!"